గిన్నె అంచు ఎందుకు చిట్లింది?

ప్రశ్న: నాకు ముప్పై ఏళ్లు దాటాయి. కూర్చుని చేసే ఉద్యోగం. వెండి గిన్నెలు, గరిటెలు చేత్తో మలచడం నేర్చుకోవాలని చాలాకాలంగా కోరిక. వీడియోలు చూసి, స్టెర్లింగ్ వెండి రేకు ఒకటి కొని, చిన్న గిన్నె మొదలుపెట్టాను. సగం లోతు వచ్చేసరికి అంచున రెండుచోట్ల చిట్లింది. లోపలి భాగమంతా అర్ధచంద్రాకారపు గాట్లు పడ్డాయి. వెండి నాసిరకమా, లేక నాకు చేతిపని రాదా? గురువు లేకుండా ఈ విద్య అబ్బుతుందా? ఏ పనిముట్లు కొనాలి? అసలు వెండితో మొదలుపెట్టవచ్చా, రాగితోనే మొదలుపెట్టాలా?

సమాధానం: మీ వెండి నాసిరకమై ఉండే అవకాశం చాలా తక్కువ. మీకు చేతిపని రాదని తేల్చుకోవడానికి ఈ ఒక్క గిన్నె చాలదు. మీరు చెప్పిన రెండు లోపాలకూ మూలాలు వేరు. దెబ్బలకు గట్టిపడిన రేకును మధ్యలో కాల్చి మెత్తబరచకుండా మళ్లీ కొట్టడంవల్ల అంచు చిట్లింది. సుత్తి ముఖం చుట్టూ ఉన్న పదునైన అంచు రేకుకు తగలడంవల్ల గాట్లు పడ్డాయి. మీ ఉత్తరంలో గాట్ల గురించీ, లోతు గురించీ ఉంది గాని నిప్పు ప్రస్తావన ఒక్కచోట కూడా లేదు. చూసేవారికి విసుగు పుడుతుందని వీడియోలలో తరచుగా ఆ భాగాన్ని కత్తిరించేస్తారు. లోహాన్ని చేత్తో మలచే విద్యలో సగం అక్కడే ఉంది కనుక, పనిముట్ల సంగతికి వెళ్లేముందు దాని గురించే వివరంగా రాస్తున్నాను.

కాస్త మందమైన రాగి తీగ ముక్కను ఒకే చోట వంచి, తిన్నగా చేసి, మళ్లీ వంచండి. ప్రతిసారీ వేళ్లకు ఇంకొంచెం బలం కావాలి. కాసేపటికి తీగ మొండికేస్తుంది, ఆపైన తెగుతుంది. ఇంకో ముక్కను తీసుకుని, మొండికేసిన దశలోనే ఆపి, మసక ఎరుపు వచ్చేదాకా మంటలో కాల్చి, నీళ్లలో ముంచి తీసి వంచి చూడండి. అది కొత్త తీగలా లొంగుతుంది. లోహం లోపల స్ఫటికాల పొరలు ఒకదానిమీద ఒకటి జారడంవల్లే అది సాగుతుంది. ఆ జారుడులో ఏర్పడే లోపాలు ఒకదానికొకటి అడ్డుపడేకొద్దీ జారడం కష్టమై లోహం గట్టిపడుతుంది, చివరికి సాగలేక పగులుతుంది. తగినంత వేడి తగిలితే చిక్కుబడిన పాత స్ఫటికాల స్థానంలో కొత్తవి పుట్టి లోహం మళ్లీ మెత్తబడుతుంది. దీన్నే ఎనీలింగ్ అంటారు. గిన్నె ఒక్కసారి కొట్టి పూర్తి చేసేది కాదు. అంచునుంచి నడుమదాకా ఒక వరుస దెబ్బలు పూర్తికాగానే కాల్చాలి, మళ్లీ కొట్టాలి, మళ్లీ కాల్చాలి. ఎప్పుడు కాల్చాలన్నది కొంత చెవే చెబుతుంది. మెత్తటి రేకు మీద దెబ్బ మందంగా, మూగగా పలుకుతుంది. గట్టిపడేకొద్దీ ఆ శబ్దం ఖంగుమంటూ సన్నబడుతుంది, సుత్తి చేతిలో ఎగిరిపడుతుంది. అనుమానం వచ్చినప్పుడు ఇంకో నాలుగు దెబ్బలు కొట్టి చూద్దామనుకోకండి, కాల్చేయండి. అనవసరంగా ఒకసారి కాల్చడంవల్ల పోయేది కొద్దిపాటి గ్యాస్, కొంత సమయం మాత్రమే.

ఇక ఎంత కాల్చాలన్నది. స్టెర్లింగ్ అంటే 92.5 శాతం వెండి, మిగిలిన 7.5 శాతం సాధారణంగా రాగి. శుద్ధమైన వెండి 961.8 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది గాని, ఈ మిశ్రమం సుమారు 800 డిగ్రీల దగ్గరే కరగడం మొదలై 900 లోపే పూర్తిగా ద్రవమవుతుంది. మెత్తబడడానికి కావలసింది 600 నుంచి 650 డిగ్రీలు. అంటే చాలినంత వేడికీ, కొంప మునిగే వేడికీ మధ్య దూరం మరీ ఎక్కువేమీ లేదు. పైగా ఎండ పడే గదిలో ఆ మసక ఎరుపు కంటికి ఆనదు. వెలుతురులో ఎరుపు కనిపించేసరికే లోహం అవసరానికి మించి వేడెక్కి ఉంటుంది. అందుకే కాల్చే చోటు మసకగా ఉండాలి. శాశ్వత మార్కర్ పెన్నుతో రేకు మీద రెండు గీతలు గీసి, అవి చెరిగిపోయే క్షణాన్ని గుర్తుగా పెట్టుకునేవారూ ఉన్నారు. చేయి కుదిరేదాకా అది మంచి ఆసరా. మంటను ఒకే చోట నిలపకుండా మొత్తం రేకు మీద తిప్పుతూ, ముందు అంతటా సమంగా వేడెక్కనిచ్చి, ఆ తర్వాతే రంగు కోసం చూడాలి. మరీ ఎక్కువ వేడిలో ఎక్కువసేపు ఉంచితే స్ఫటికాలు పెద్దవై, తర్వాతి దెబ్బలకు పైభాగం నారింజ తొక్కలా గరుకుదేలుతుంది. అది మెరుగుతో పోదు.

ఎరుపు పోగానే పట్టుకారుతో పట్టి నీళ్లలో ముంచండి. ఉక్కును అలా ముంచితే గట్టిపడుతుంది కదా అని కొత్తవారు సందేహిస్తారు. స్టెర్లింగ్ తీరు దానికి సరిగ్గా తలకిందులు. నెమ్మదిగా చల్లారనిస్తేనే ఇది కొంత గట్టిపడుతుంది, త్వరగా చల్లారిస్తే మెత్తగా ఉంటుంది. గిన్నె ఆకారం వచ్చాక మాత్రం దాన్ని ఏటవాలుగా దించాలి. బోర్లించి దించితే లోపల చిక్కిన ఆవిరి వేడినీళ్లను మీ చేతిమీదికే చిమ్ముతుంది. తర్వాత పైన పట్టిన నల్లటి ఆక్సైడును పోగొట్టడానికి గోరువెచ్చని సిట్రిక్ ఆమ్లపు ద్రావణమో, సోడియం బైసల్ఫేటు ద్రావణమో చాలు. కొత్తవారికి సల్ఫ్యూరిక్ ఆమ్లం అవసరం లేదని నా గట్టి అభిప్రాయం. ఎప్పుడైనా వాడవలసివస్తే ఆమ్లాన్నే నీళ్లలో కొద్దికొద్దిగా పోయాలి గాని, నీళ్లను ఆమ్లంలో పోయకూడదు. వేడి లోహాన్ని నేరుగా ఆమ్లంలో వేయకూడదు. ఆ తొట్టిలో ఇనుప పట్టుకారు పెట్టకండి. అలా పెడితే ద్రావణంలో కరిగి ఉన్న రాగి వెండి మీద ఎర్రటి పూతలా పేరుకుంటుంది. రాగి పట్టుకారో, కొయ్య పుల్లలో, ప్లాస్టిక్ పట్టుకారో ఉంచుకోండి. చివరగా రేకును కడిగి పూర్తిగా తుడవండి. తడి రేకును దాగలి (రేకును ఆనించి కొట్టే ఇనుప దిమ్మె) మీద పెడితే దాగలి తుప్పు పడుతుంది, ఆ తుప్పు గుంతలు తర్వాత చేసే ప్రతి గిన్నె మీదా అచ్చు పడతాయి.

అంచు చిట్లడానికి ఇంకో చిన్న కారణం కూడా తోడై ఉండవచ్చు. కత్తెరతో రేకు కోసినప్పుడు అంచున కంటికి ఆనని పళ్లు మిగులుతాయి. రేకు సాగినా ముడుచుకున్నా పగులు అక్కడే మొదలవుతుంది. అందుకే రేకునుంచి గుండ్రటి బిళ్ల కోయగానే ఆకురాయితో అంచంతా నున్నగా రుద్ది, రెండు వైపులా పదును పోయేలా అరగదీయాలి. ఇప్పుడు మీ చేతిలో ఉన్న గిన్నెను అలాగే కొట్టుకుంటూ పోకండి. ముందు కాల్చి మెత్తబరచి, పగులు ఎక్కడితో ఆగిందో భూతద్దంతో చూసి, దానికి కాస్త కిందుగా గిన్నె చుట్టూ గీత గీసి, ఆ గీత దాకా అంచంతా కోసేస్తే లోతు తక్కువైన పళ్లెమైనా దక్కుతుంది. కోసిన ముక్కలను వేరే డబ్బాలో శుభ్రంగా దాచండి. వెండి ముక్క ఎంత చిన్నదైనా విలువ పోదు, టంకం పెట్టడం నేర్చుకునేనాటికి అవే పనికొస్తాయి.

వెండా, రాగా అన్న ప్రశ్నకు నా జవాబు రాగి. ధర తక్కువన్నది ఒక్కటే కారణం కాదు. రాగి 1085 డిగ్రీల దాకా కరగదు కనుక ఎరుపు రంగును గుర్తుపట్టడం నేర్చుకునే రోజుల్లో పొరపాటున కాస్త ఎక్కువ కాల్చినా గిన్నె చేతిలోంచి జారిపోదు. సుత్తి కింద దాని నడక వెండికి చాలా దగ్గరగా ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, ఖరీదైన లోహం ఎదుట ఉంటే చేయి జంకుతుంది. జంకుతూ వేసిన దెబ్బ లోహాన్ని కదల్చదు, పైపైన గట్టిపరుస్తుంది. ఇత్తడి తొందరగా గట్టిపడుతుంది, ఎర్రగా ఉండగా నీళ్లలో ముంచితే పగలవచ్చు, ఎక్కువ కాలిస్తే అందులోని జింకు పొగ వస్తుంది. అందుకే అది మొదటి లోహంగా వద్దు. జర్మన్ సిల్వర్‌లో వెండి అసలు లేదు. అది రాగి, నికెల్, జింకుల మిశ్రమం, పైగా బిరుసు.

మొదటి గిన్నెకు 1 మిల్లీమీటరు మందం, 10 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న రాగి బిళ్ల చాలు. దాని బరువు సుమారు 70 గ్రాములు. అదే కొలత స్టెర్లింగ్ అయితే సుమారు 81 గ్రాములు. వృత్తలేఖినితో నడుమనుంచి సెంటీమీటరుకొకటి చొప్పున వలయాలు గీసుకోండి. గట్టి చెక్క మొద్దులో అరచేతి వెడల్పున లోతు తక్కువ గుంట చెక్కి, బిళ్ల అంచు గుంట మీద వాలేలా ఏటవాలుగా పట్టుకుని, బయటి వలయంతో మొదలుపెట్టండి. దెబ్బ ఎప్పుడూ గుంటలో ఒకే చోట పడాలి, తిరగవలసింది బిళ్ల. సుత్తిని తిప్పుకుంటూ పోయేవారి గిన్నె మీద దెబ్బల మధ్య ఎడాలు ఎక్కడికక్కడ మారిపోతాయి. ఒక దెబ్బ పడ్డ చోటును రెండో దెబ్బ సగం కప్పుతూ, వలయం వెంట వలయంగా లోపలికి రావాలి. తొలి వరుసలోనే అంచు ముడతలు పడుతుంది. భయపడనక్కర్లేదు గాని వాటిని వదిలేయనూ కూడదు. ముడత ఇంకా అలలా ఉండగానే కొయ్య సుత్తితో, గుండ్రని దాగలి మీద బోర్లించి సాపు చేయాలి. ముడత ముదిరి మడతగా ఒకదానిమీద ఒకటి పడ్డాక దాన్ని కొట్టడమంటే చేజేతులా పగులు తెచ్చుకోవడమే. వరుస పూర్తయ్యాక కాల్చి, ఆమ్లంలో శుభ్రపరచి, వలయాలు మళ్లీ గీసుకుని రెండో వరుస మొదలుపెట్టండి. గీతలు మళ్లీ గీయడం చాదస్తంగా తోస్తుంది గాని, గిన్నె ఒకపక్కకు ఒరుగుతోందా లేదా అన్నది చెప్పగలిగేది అవే.

ఇలా గుంటలోకి దిగగొట్టే పద్ధతిలో లోహం సాగి పలచబడుతుంది, ముఖ్యంగా నడుమ. అందుకే లోతైన పాత్రలకు రెండో పద్ధతి ఉంది. బిళ్లను దాగలికి తొడిగినట్టు పట్టుకుని, బయటినుంచి కొడుతూ, అడుగుభాగం నుంచి అంచువైపు వరుసలు వేస్తూ లోహాన్ని లోపలికి కుదించడం. ఇక్కడ దెబ్బ పడవలసిన చోటు దాగలి తగిలే బిందువు కాదు, దానికి కొద్ది మిల్లీమీటర్లు పైన, రేకుకూ దాగలికీ మధ్య సన్నని సందు ఉన్నచోట. ఆ సందు మూసుకుపోవడమే పని. సందు లేకుండా కొడితే లోహం దాగలికీ సుత్తికీ మధ్య నలిగి పలచబడుతుంది, సందు మరీ ఎక్కువైతే సొట్టపడుతుంది. ఈ పద్ధతిలో బిళ్ల కొలతకు వాడుకలో ఉన్న లెక్క సులువైనది. గిన్నె గరిష్ఠ వ్యాసానికి ఎత్తు కలపడమే. 10 సెంటీమీటర్ల వ్యాసం, 5 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న అర్ధగోళానికి 15 సెంటీమీటర్ల బిళ్ల. రేకు మందం మారదనుకుని వైశాల్యాలు సరిపోల్చి చూస్తే 14.1 సెంటీమీటర్లే వస్తుంది. మిగిలినది చివర అంచు సరిచేసి కోయడానికి పోతుంది కనుక ఆ వాడుక లెక్కే క్షేమం. అయితే దిగగొట్టడం చేతికి వచ్చేదాకా ఈ రెండో పద్ధతి జోలికి వెళ్లవద్దు.

పనిముట్ల పట్టిక పొడుగ్గా రాయడం నాకు ఇష్టం లేదు. పట్టిక చూసి కొన్నవారి దగ్గర పనిముట్లే మిగులుతాయి. గుండ్రటి ముఖం ఉన్న సుత్తి ఒకటి, చదునుగా ఉండి అంచుల వైపు మాత్రం కొద్దిగా వంపు తిరిగిన సుత్తి ఒకటి, కొయ్య సుత్తి, చెక్క మొద్దు, గుండ్రని తల ఉన్న దాగలి, రేకు కత్తెర, ఆకురాయి, గ్యాస్ టార్చి, వేడికి తట్టుకునే ఇటుకలు, పట్టుకారు ఉంటే ఏడాది పని సాగుతుంది. మెరుగు మోటారు ఇప్పుడే వద్దు. సుత్తి కొన్నది కొన్నట్టుగా వాడకండి. దుకాణం నుంచి వచ్చిన సుత్తి ముఖం చుట్టూ కరుకైన అంచు ఉంటుంది. చేయి రవ్వంత ఒరిగినా ఆ అంచు దిగి మీరు రాసిన అర్ధచంద్రాకారపు గాటు పడుతుంది. ఆ అంచును ఆకురాయితో గుండ్రంగా అరగదీసి, 220 నుంచి 400, 600, 1000 నంబర్ల గరుకు కాగితాలతో వరుసగా రుద్ది, చివర మెరుగు పెట్టే ముద్దతో అద్దంలా చేయాలి. సుత్తి ముఖం మీద ఉన్నదంతా రేకు మీదికి దిగుతుంది. నున్నటిదైతే నునుపు, గీత ఉంటే గీత. ఈ సుత్తులతో మేకులుగాని ఉలులుగాని ఎన్నడూ కొట్టకండి. ఇంట్లో ఎవరికీ అరువివ్వకండి, ఈ విషయంలో మొహమాటం పనికిరాదు. దాగలి ఎత్తు కూడా చూసుకోవాలి. దెబ్బ పడే చోటు సుమారుగా మీ మోచేతి ఎత్తులో ఉంటే భుజం ఎగదన్నదు, కూర్చుని పనిచేసే మీకు మెడనొప్పి రాదు.

చివరి విడత దెబ్బలు ఆకారం కోసం కాదు, నునుపు కోసం. గిన్నెను అంతకంటే కొద్దిగా ఎక్కువ వంపు ఉన్న దాగలి మీద ఉంచి, అద్దంలాంటి సుత్తితో తేలికైన దెబ్బలు పక్కపక్కనే వేసుకుంటూ పోవాలి. కింద దాగలి సరిగ్గా తగిలి ఉంటే దెబ్బ స్పష్టంగా మోగుతుంది. తగలని చోట బోలుగా పలుకుతుంది, మరుక్షణం సొట్ట కనిపిస్తుంది. బోలు శబ్దం వినగానే చేయి ఆపి, గిన్నెను అటూ ఇటూ కదిపి దాగలి తగిలే చోటు వెతుక్కోవాలి. ఈ విడత ఓపికగా చేసినవారికి ఆకురాయి పని చాలా తగ్గుతుంది.

జాగ్రత్తలు రెండు మాటల్లో. కళ్లకు అద్దాలు, చెవులకు రక్షణ, గాలి ఆడే గది తప్పనిసరి. వంటగ్యాస్ గాలికంటే బరువైనది కనుక నేలమాళిగలో టార్చి పని పెట్టుకోకండి. కాడ్మియం కలిసిన టంకం దొరికినా కొనవద్దు, దాని పొగ ప్రాణాంతకం. సీసం దిమ్మెల మీద కొట్టమని చెప్పేవారుంటే మర్యాదగా తప్పుకోండి. సీసం విషమన్నది ఒకటి, దాని పొడి రవ్వంత వెండికి అంటుకుని ఉండగా కాల్చితే అక్కడ వెండిని తినేసి గుంత చేస్తుందన్నది రెండోది.

గురువు లేకుండా విద్య వస్తుందా అంటే, కొంతమేరకు వస్తుంది. నిప్పు రంగు, శబ్దం, వలయాల క్రమం ఇవన్నీ ఒంటరిగా సాధన చేసి నేర్చుకోగలిగినవే. కానీ మీ మోచేయి ఏ కోణంలో ఉందో, సుత్తిని వేళ్లతో బిగించి పట్టి మణికట్టును స్తంభింపజేస్తున్నారో లేదో మీకు కనిపించదు. పక్కనున్నవారికి మొదటి నిమిషంలోనే కనిపిస్తుంది. కాబట్టి నెలల తరబడి శిక్షణ కుదరకపోయినా, పనిచేసే మనిషి పక్కన ఒకటి రెండు పూటలు కూర్చునే వీలు చూసుకోండి. వెళ్లేటప్పుడు మీ చెడిపోయిన గిన్నెను తీసుకువెళ్లండి. నమూనాలు, డిజైన్లు అడగవద్దు. మీ గిన్నె మీదే నాలుగు దెబ్బలు వేయమని అడిగి, ఆ శబ్దం విని, మీ దెబ్బ శబ్దంతో పోల్చుకోండి. మీ చేతిలో సుత్తి పెట్టకుండా తన పనితనం మాత్రమే చూపించే వారి దగ్గర డబ్బు కట్టకండి.

మళ్లీ వెండికి ఎప్పుడు రావాలన్నదానికి నేను పెట్టే పరీక్ష ఒకటే. ఒకే కొలత బిళ్లలతో రాగి గిన్నెలు వరుసగా చేసి, వాటిలో ఏ రెండింటిని పక్కపక్కన పెట్టినా లోతు, అంచు ఒకలాగే ఉండాలి. నడుమ మందం కొలిస్తే 1 మిల్లీమీటరు రేకు ఎక్కడా మరీ పలచబడి ఉండకూడదు. అది కుదిరిననాడు స్టెర్లింగ్ ముట్టుకోండి. అప్పుడు రాగిలో ఎదురుకాని ఒక చిక్కు వస్తుంది. కాల్చిన ప్రతిసారీ గాలిలోని ఆక్సిజన్ స్టెర్లింగ్ లోపలికి చొరబడి, అందులోని రాగిని పైపొర కిందనే ఆక్సైడుగా మారుస్తుంది. ఇది ఆమ్లంతో పోదు. మెరుగు పెట్టాక తెల్ల కాగితం ప్రతిఫలనంలో చూస్తే నీలి బూడిదరంగు మచ్చలుగా బయటపడుతుంది. వెండి వాడకంలో నల్లబడడం వేరు, అది గంధకం కలిసిన గాలివల్ల వచ్చేది, తుడిస్తే పోతుంది. ఈ మచ్చలకు ముఖ్యంగా రెండు దారులు. మొదటిది, మెరుగుకు ముందే గరుకు కాగితంతో ఆ పొరంతా అరగదీయడం. రెండోది, పదేపదే కాల్చి ఆమ్లంలో వేయడంవల్ల పైన ఏర్పడే శుద్ధ వెండి తెల్లదనాన్ని అరగదీయకుండా అలాగే ఉంచేయడం. ఈ రెండింటిలో ఏది మీ దారో గిన్నె మొదలుపెట్టేముందే నిర్ణయించుకోండి. తెల్లదనం ఉంచాలనుకున్న గిన్నెను చివర ఒక్కచోట మెరుగు బట్టతో గట్టిగా రుద్దినా అక్కడ మచ్చ తేలుతుంది, ఇక మొత్తం గిన్నెను అరగదీయక తప్పదు.